మణికట్టు తొడుగుల పరీక్ష

ఒంటిచక్రం బండిని ఇంటికి తెచ్చిన శనివారం సాయంత్రం, నా భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీనికి సీటు లేదా?" అని అడిగింది.

లేదని చెప్పాను. చక్రానికి రెండు పక్కలా మడత పెట్టే పాదపీటలు ఉంటాయి. వాటి మీద నిలబడి ముందుకు ఒరిగితే బండి ముందుకు సాగుతుంది, వెనక్కు వాలితే నెమ్మదిస్తుంది. చేతులతో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. లోపలి మోటారు, ఒరుగును కొలిచే సెన్సర్లు కలిసి ముందువెనుకల తూకం చూసుకుంటాయి. పక్కల తూకం మాత్రం మనిషే చూసుకోవాలి. ఇంత వివరంగా చెప్పినా ఆమె అందులో ఒక్క ముక్కనే తీసుకున్నది.

"అంటే నిలబడి పోవాలె," అన్నది. "పెండ్లయిన సంది గుంటల కాళ్లు పెట్టి కూసుంటున్న. నాక్కూడ నేర్పియ్యి."

మాది నారాయణపేట. ఆమె చీరలు నేస్తుంది. మగ్గం మా ముందు గదిలో ఉంటుంది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేయాలి. నేను జడ్చర్ల దగ్గర ఒక ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను. వారమంతా అక్కడే కిరాయి గదిలో ఉండి, శనివారం సాయంత్రం ఇంటికి వస్తాను. ఉద్యోగం మానేసి పోతున్న సహోద్యోగి ఒకరి దగ్గర ఈ బండిని తీసుకున్నది, గది నుంచి ఫ్యాక్టరీకి పోవడానికే. అయితే గేటు దగ్గరి కాపలావాళ్లు దాన్ని లోపలికి రానివ్వలేదు, బయట వదిలే నమ్మకం నాకు లేదు. అందువల్ల అది నారాయణపేటలో, మగ్గం గదిలో, ఆమె కళ్ల ముందు నిలిచిపోయింది.

నేర్పనని నేను అనలేదు. తలకు, మోకాళ్లకు, మోచేతులకు రక్షణ సులభంగానే దొరికింది. నా భయమంతా మణికట్టు గురించి. ఈ బండి మీద నుంచి మనిషి ఎక్కువగా ముందుకే పడతాడు, పడేటప్పుడు ఆలోచించకుండా అరచేతులు చాస్తాడు. అరచేయి నేలకు అంటుకుని ఆగిపోతే, వెనుక వస్తున్న ఒంటి బరువంతా మణికట్టును వెనక్కు విరుస్తుంది. బొటనవేలి మొదట్లో ఒక చిన్న ఎముక ఉంది. అది చిట్లితే మానడానికి నెలలు పడుతుందనీ, ఒక్కోసారి అసలే అతకదనీ చదివాను. ఆమె నేసేటప్పుడు కుడి మణికట్టు ఒక విదిలింపుతో తాడును లాగితే పేక దారం మోసే నాడె పడుగులో ఈ అంచు నుంచి ఆ అంచుకు ఉరుకుతుంది; ఎడమ చేయి దువ్వెనలాంటి పన్నెను తన వైపు లాగి, వచ్చిన పోగును దగ్గరకు కొడుతుంది. రోజంతా ఇదే పని. ఆ రెండు మణికట్లలో ఏ ఒక్కటి పోయినా మగ్గం ఆగుతుంది.

"తొడుగులు నేను చూసి తెస్తాను. అవి వచ్చేదాకా బండి ఎక్కొద్దు," అన్నాను.

"తే మరి," అన్నది.

మొదటి జతను ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె మీద బొమ్మ ధైర్యంగా ఉన్నది. లోపలి వస్తువు వేరు. అరచేతి వైపు ఉన్న పలక రెండు గుడ్డ పొరల మధ్య కుట్టి ఉంది. అంటే నేలను తాకేది గుడ్డ, జారవలసింది పలక. గుడ్డ జారదు. పైగా ఆ పలక నా రెండు వేళ్ల మధ్య వంగింది. తిరస్కరించి గోడ మేకుకు తగిలించాను. వాపసు పంపే గడువు దాటిందన్న సంగతి తర్వాత తెలిసింది.

రెండో ప్రయత్నం మహబూబ్‌నగర్‌లో, బస్సు మారే మధ్యలో, ఆటవస్తువుల దుకాణంలో. దుకాణదారుడు నడివయసు ముస్లిం. ముక్కు మీదికి జారిన కళ్లద్దాల పైనుంచి చూస్తూ మాట్లాడాడు.

"పిల్లలకా సార్?"

"పెద్దవాళ్లకు."

"మీకా?"

"మా ఇంట్లో వాళ్లకు."

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "మేడమ్ స్కేటింగ్ చేస్తరా?"

"ఇంకా లేదు," అన్నాను. అంతకు మించి చెప్పడం ఇష్టం లేక, ఆయన తెచ్చిన జతను చేతిలోకి తీసుకున్నాను. ఇది కొంత నయం: పలక బయటకే ఉంది, బోర్లించిన దొప్పలాగా వంపు తిరిగి ఉంది. దాన్ని రెండు బొటనవేళ్లతో పట్టి వంచడం మొదలుపెట్టాను.

"సార్, ఇరగ్గొట్టి చూసి కొంటరా?"

"విరగకపోతే కొంటాను."

"ఇరిగితే?"

"కొనను."

"మరి నేనేం గావాలె?"

ఇంకొంచెం వంచాను. వంపు దగ్గర ప్లాస్టిక్ తెల్లబారింది. వదిలినా ఆ తెలుపు పోలేదు. పదార్థం లోపల అప్పుడే చిన్న చిన్న పగుళ్లు పుట్టాయని నేను దానికి అర్థం తీసుకుంటాను. పెట్టె మీద నైలాన్ అని అచ్చు వేసి ఉంది. నేను పాడు చేశాను కాబట్టి ఆ జతను కొనక తప్పలేదు. ఇంటికి వెళ్లి పలక అంచు నుంచి బ్లేడుతో సన్నని పెచ్చు కోసి, గ్లాసు నీళ్లలో వేశాను. తేలింది. సన్నని ముక్కను నీటి పైపొరే మోయగలదు కాబట్టి, ఒక చుక్క సబ్బు నీళ్లు కలిపి, వేలితో అడుగుదాకా ముంచి వదిలాను. మళ్లీ పైకి వచ్చింది. నైలాన్ నీటికన్నా బరువు, మునగాలి. పెచ్చును పట్టకారుతో పట్టుకుని అంటిస్తే ఆరిన కొవ్వొత్తి వాసన వచ్చింది. నైలాన్‌కు కాలిన వెంట్రుకల వాసన రావాలి.

"నైలాన్ కాదు," అన్నాను.

మగ్గం ఆపకుండానే ఆమె అడిగింది, "ఏదైతేంది, గట్టిగున్నదా లేదా?"

"పేరు దగ్గరే అబద్ధమాడినవాడు గట్టిదనం దగ్గర నిజం చెప్తాడా?"

నాడె అటు పోయి ఇటు వచ్చింది. "నువ్వు తొడుగును పరీక్ష చేస్తున్నవా, నన్నా?" అన్నది. అది మాట వరస అనుకుని నేను పట్టించుకోలేదు.

మా అమ్మ గోడకు ఆనుకుని, రాట్నం మీద నాడెలో పెట్టే దారపు కండెలు చుడుతున్నది. ఆమె కూడా ఒకప్పుడు నేసినదే. మోకాళ్ల నొప్పులతో గుంటలోకి దిగలేనని మగ్గం కోడలికి అప్పగించి ఏళ్లయింది. తల ఎత్తకుండా, "వాని పని అంతే బిడ్డ. చిన్నప్పుడు అన్నంల రాయి వస్తదని మెతుకు మెతుకు ఏరి తినేటోడు," అన్నది. అత్తాకోడళ్లు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

తరువాతి శనివారం ఇంటికి వచ్చి, గోడ మేకుకున్న మొదటి జతను ఎందుకో ముట్టుకున్నాను. అది అట్టలాగా బిగుసుకుని ఉన్నది. వేళ్ల మధ్య వంగిన వస్తువు ఇప్పుడు వంగడం లేదు. ఆన్‌లైన్ దుకాణంవాడు వేరే జత పంపాడా అనుకున్నాను. కానీ లోపలి వైపు నేను పెన్నుతో పెట్టిన తిరస్కారపు గుర్తు అట్లాగే ఉంది. ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే పుల్లని వాసన. గోటితో గీకితే తెల్లని పొట్టు రాలింది.

ఊహతో తృప్తిపడే అలవాటు నాకు లేదు. గాయాలకు వాడే టింక్చర్ అయోడిన్ ఇంట్లో ఉంది. ఒక చుక్క ఆ పొట్టు మీద వేశాను. నల్లని నీలం రంగుకు తిరిగింది. గంజి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వీధిలో పొద్దున పూట పడుగులు సాపుతారు. నూలు పడుగును వీధి పొడవునా కర్రల ఆసరాల మీద చాచి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. గంజి ఆరితే పోగు బిగిసి మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. మా దగ్గర మెత్తగా ఉన్నదేదైనా గట్టిపడాలంటే ఎవరికైనా ముందు తోచేది గంజే. గుడ్డ తొడుగుకు కూడా నా భార్య అదే వైద్యం చేసింది. పొడిగా ఉన్నంతసేపు ఆ బిగువు ఉంటుంది. చెమట తగిలితే కరిగిపోతుంది. ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

గంజి ఎందుకు పెట్టిందన్న ప్రశ్నకు రెండు జవాబులు తోచాయి. నా పరీక్షలో నెగ్గించడానికి పెట్టి ఉండవచ్చు. లేదా తాను వాడుకోవడానికి. తొడుగును వెలుతురులోకి తిప్పాను. అరచేతి వైపు గుడ్డ మీద గీతలు ఉన్నాయి. మణికట్టు నుంచి వేళ్ల వైపు, అన్నీ ఒకే దిక్కుగా. మేకుకు వేలాడే వస్తువుకు అట్లాంటి గీతలు పడవు.

బండి దగ్గరికి పోయాను. టైరు గాడుల్లో తెల్లని పెచ్చులు ఇరుక్కుని ఉన్నాయి. వాటి మీదా ఒక చుక్క. నీలం: వీధిలో రాలిన గంజి. నేను వారం కింద పూర్తిగా చార్జి చేసి పెట్టిన బ్యాటరీ సగానికి దిగి ఉన్నది. ఒక పాదపీట అంచున కొత్త గీరు, లోహం మెరుస్తున్నది.

ఆ సాయంత్రం ఏమీ అడగలేదు. అన్నం కలిపేటప్పుడు ఆమె కుడి చేతిని చూశాను. బొటనవేలు మామూలుగానే వంగుతున్నది. బిందె ఎత్తేటప్పుడు చూశాను. ముఖంలో మార్పు లేదు. నొప్పి ఉన్నా కనిపించనివ్వని మనిషి అని నాకు తెలుసు కాబట్టి, కనిపించకపోవడం నాకు రుజువు కాలేదు.

"ఏం చూస్తున్నవ్?" అన్నది.

"ఏం లేదు."

"ఏం లేకుంటె గట్లెందుకు చూస్తున్నవ్?"

ఆదివారం పొద్దున ఆమె నీళ్ల కోసం బయటికి పోయినప్పుడు మగ్గం దగ్గర కూర్చున్నాను. చేయి అబద్ధం చెప్పినా బట్ట చెప్పదనుకున్నాను. పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం మగ్గం పక్కనే ఉంటుంది. ఆమె నేతలో అంగుళానికి పేక పోగులు ఎప్పుడూ ఒకే తీరు. రెండు మూడు తేడా వస్తే అదే ఎక్కువ. చుట్టిన బట్టను కొంచెం విప్పుకుంటూ, ఒక్కో చోట భూతద్దం పెట్టి లెక్కించాను. జానెడు మేర నిలకడగా వచ్చింది. ఆ తర్వాత బెత్తెడు మేర పోగులు పలచబడ్డాయి: అంగుళానికి ఎనిమిది దాకా తక్కువ. అంచు కూడా అక్కడ కొద్దిగా లోపలికి లాగినట్టుంది. ఆ పైన మళ్లీ మామూలు.

నా మనసులో లెక్క తేలిపోయింది. పడింది. మణికట్టుకు దెబ్బ తగిలింది. పన్నెను గట్టిగా కొట్టలేక ఆ బెత్తెడు నేసింది. తర్వాత నొప్పికి అలవాటు పడింది, లేదా నొప్పి తగ్గింది. తగ్గిన నొప్పే ప్రమాదం. ఆ చిన్న ఎముక చిట్లినవాళ్లు చాలామంది బెణుకు అనుకుని వదిలేస్తారు.

ఆమె బిందె దించగానే, "చేయి చూపించు. ఇప్పుడే దవాఖానకు పోదాం," అన్నాను.

"ఎవరికేమైంది?"

బట్టను విప్పి పట్టుకుని ఆ బెత్తెడు చూపించాను. టైరు చూపించాను. గంజి తొడుగు చూపించాను. ఒక్కొక్కటీ చెప్తూ పోయాను. నా గొంతు పెరిగింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నది.

"బండెక్కిన," అన్నది. "పడుగు లేవట్టినంక అందరు లోపల మగ్గాల మీద కూసుంటరు, వీధిల కర్రలు గట్లనే ఉంటయి గదా. గవ్వి పట్టుకోని ఈ కొసకెల్లి ఆ కొసకు. పడ్డ గూడ. నాకేం గాలె."

"ఏం కాకపోతే ఈ నేత ఏంది?"

గోడ దగ్గర అమ్మ తిప్పుతున్న రాట్నం ఆగింది.

"గా బెత్తెడు నేను నేసిన," అన్నది మా అమ్మ.

నేను తిరిగి చూశాను.

"అది బయట నేర్చుకుంటాంటే మగ్గం సప్పుడు బంద్ అయితది గదా కొడకా. సప్పుడు లేకపోతే పక్కింటోళ్లు వచ్చి అడుగుతరు, నీకు చెప్తరు. అందుకే కూసున్న."

"నీ మోకాళ్లు?"

"దిగేటప్పుడే నొస్తయి. దిగినంక గుంటల కాళ్లు హాయిగనే ఉంటయి." బట్ట వైపు చూసి, "గంత పలచగున్నదా?" అని అడిగింది.

"ఎనిమిది పోగులు."

"కండ్లు కనవడక," అన్నది, నొచ్చుకున్నట్టుగా. నా భార్య ముఖం పక్కకు తిప్పుకున్నది. నవ్వుతున్నదని భుజాలను బట్టి తెలిసింది.

నేను నవ్వలేకపోయాను. చూసినవన్నీ నిజమే. గంజి, గీతలు, పలచని బెత్తెడు, ఏదీ తప్పు కాదు. వాటి నుంచి కట్టిన ముగింపు ఒక్కటే తప్పు. అయినా ఆమె చేతిని లాక్కుని బొటనవేలి మొదట్లో నొక్కి చూశాకే వదిలాను. నొప్పి లేదన్నది. ఆ మాటను నేను సగమే నమ్మాను.

"ఇగ నేనడుగుత," అన్నది ఆమె, నవ్వు ఆపి. "మొదటిది మెత్తగున్నదంటివి. రెండోది నైలాన్ కాదంటివి. మూడోది తెస్తె ఇంకేదో అంటవు. అసలు ఎట్లుంటె పాసో ఒక్కనాడన్న చెప్పినవా?"

చెప్పలేదు. మా ఫ్యాక్టరీలో పైపు పరీక్ష మొదలుపెట్టే ముందే, ఎంత బరువుకు పగలకూడదో నిర్ణయించి ఉంటుంది. ఆ హద్దు లేకుండా పరీక్ష చేసే మనిషిని నేను ఆ పనిలో ఉంచను. నేను నిజంగా తొడుగులనే అనుమానించానా, లేక ఆమె నిలబడి ఎటైనా పోవడాన్నా అన్నది ఆ పొద్దున నాకు తేలలేదు. తేల్చుకోవాలని కూడా ప్రయత్నించలేదు. అక్కడే, మగ్గం గట్టు మీద కూర్చుని, హద్దులు పైకి చెప్పాను. పలక బయటకే ఉండాలి, గట్టిగా, వంపుగా, నేల మీద జారేటట్టు. వంచినప్పుడు తెల్లబారకూడదు. చెప్పిన పదార్థమే అయి ఉండాలి. పట్టీలు మణికట్టుకు పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి, తొడుగు తిరిగిపోకుండా. ముంజేతి వైపు పలక చివర కొద్దిగా పైకి లేచి ఉండాలి. లేకపోతే మణికట్టును కాపాడి, దెబ్బను అంచు దగ్గరి ఎముకకు అప్పగిస్తుంది.

"నావి రెండు," అన్నది ఆమె. "వేళ్లు బయటుండాలె, కర్ర వట్టుకోనీకె. ఒక్క చేత్తోనే తొడుక్కోనీకె రావాలె. పతిసారి అత్తను పిలువనీకె రాదు."

రెండూ న్యాయంగానే ఉన్నాయి. ఒప్పుకున్నాను. ఇవన్నీ ఉంటే మళ్లీ కొత్త సాకు చెప్పనని కూడా ఆమె నాతో అనిపించుకున్నది.

మహబూబ్‌నగర్ దుకాణదారుడు నన్ను చూడగానే రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టాడు. నేను కావలసినవి చెప్పాను. వారం తర్వాత హైదరాబాద్ నుంచి తెప్పించిన జతను ముందు పెట్టి, నేను నోరు తెరవకముందే టీ గ్లాసు నిండా సబ్బు నీళ్లు పెట్టాడు. పోయినసారి నేనే ఆయనకు తేలిన పెచ్చు సంగతి ఫిర్యాదుగా చెప్పాను.

"కోసుకోండ్రి సార్. లోపలి దిక్కు కోయండ్రి, మీరు కొనకపోతే ఇంకోళ్లకన్న అమ్మాలె గదా."

పెచ్చును సబ్బు నీళ్లలో ముంచి వదిలాను. అడుగునే పడి ఉన్నది. ఆయన గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"మునిగితే మంచిదా సార్?"

"మునిగితే మంచిది."

"మా దందల మునిగితే మంచిదన్నోడు మీరొక్కరే," అన్నాడు.

పలకను వంచాను, తెల్లబారలేదు. పట్టీలు రెండు. ముంజేతి వైపు అంచు కొద్దిగా ఎత్తి ఉన్నది. ఒక్క చేత్తో తొడుక్కుని చూశాను, వచ్చింది. ఏదో ఒక లోపం ఉండకపోదని ఇంకా కొంతసేపు తిప్పి చూశాను. కుట్టు ఒకచోట వంకరగా ఉంది. చెప్పిన హద్దుల్లో కుట్టు లేదు. తీసుకున్నాను.

ఆదివారం పొద్దున, వీధిలో పడుగు ఎత్తేశాక, ఆమె కొత్త తొడుగులు, హెల్మెట్, మోకాళ్లకు మోచేతులకు గట్టి కట్లు వేసుకుని బయటికి వచ్చింది. చీర మీద అవన్నీ నిలవవని పంజాబీ డ్రెస్సు వేసుకున్నది. పక్కింటివాళ్లు అరుగుల మీదికి వచ్చారు. ఇప్పుడు దాచేదేమీ లేదు కాబట్టి మా అమ్మ కూడా గడపలో కూర్చున్నది. మగ్గం చప్పుడు ఆగి ఉన్నది.

కర్రలు పట్టుకుని వీధి చివరిదాకా పోయింది. తిరిగి వచ్చేటప్పుడు కర్రలు వదిలేసింది. నేను పక్కనే వేగంగా నడుస్తున్నాను. కాసేపటికి నాకు అందలేదు. నిటారుగా, చేతులు కొద్దిగా ఎడంగా పెట్టి, మోకాళ్లు వదులుగా వంచి ఆమె పోతుంటే, ఆ తీరును ఆమెకు ఎవరు నేర్పారో అని మళ్లీ అనుమానం వచ్చింది. నేనైతే నేర్పలేదు.

మురుగు మోరీ మీద పరిచిన బండ ఒకటి కొంచెం ఎత్తుగా ఉంది. చక్రం దానికి తగిలి ఆగింది, ఆమె ఆగలేదు. రెండు అరచేతులు ముందుకు చాచి పడింది. గట్టి ప్లాస్టిక్ రాయి మీద రాచుకుంటూ పోయిన చప్పుడు వినిపించింది. చేతులు ఒకచోట ఆగిపోకుండా మూరెడు దూరం జారాయి, వాటి వెనుక మోకాళ్లు వచ్చి తగిలాయి. అంతా అక్కడితో నిలిచింది.

నేను పోయేసరికి ఆమె లేచి కూర్చుని పట్టీలు విప్పుతున్నది. ఒక్క చేత్తోనే. కుడి చేయి నా వైపు చాపింది, నేను అడగకముందే. బొటనవేలి మొదట్లో ఉన్న గుంట వెతికి నొక్కాను.

"నొస్తలేదు," అన్నది.

ఇంకొంచెం పైన మళ్లీ నొక్కాను.

"ఒక్కసారి చెప్పిన గదా నొస్తలేదని. మళ్లెందుకు?"

"మొదటిసారి నా వేలు సరైన జాగాలో పడిందో లేదో."

ఆమె ఎడమ చేయి కూడా చాపి, నేను రెండు చోట్లా నొక్కేదాకా కదలకుండా కూర్చున్నది. నా వేలు తీయగానే తొడుగులు మళ్లీ తొడుక్కుని, పట్టీలు బిగించుకుని, పడి ఉన్న బండిని లేపింది.

"ఇగ జరుగు," అన్నది. "దారికి అడ్డమున్నవ్."

జరిగాను.